రొట్టెల వ్యానుకి చూపొచ్చింది

ఆ ఉదయం బ్రెడ్డు బాబాయి వేసుకున్నది చిన్న ప్లాను. అరగంటలో పాత వ్యానుకి కొత్త హెడ్‌లైట్లు బిగించాలి, పదకొండింటికల్లా తనిఖీ కేంద్రానికి చేరాలి, ఫిట్‌నెస్ కాగితం మీద ముద్ర వేయించుకుని భోజనానికి ఇల్లు చేరాలి. ఆ కాగితానికి అదే ఆఖరి రోజు. ముద్ర పడకపోతే రేపటినుంచి రొట్టెలు ఇంకో వ్యాను ఎక్కుతాయని బేకరీ యజమాని మొహమాటం లేకుండా చెప్పేశాడు. పాతికేళ్ళుగా తెల్లవారకముందే ఊరికి బ్రెడ్డు మోసిన మనిషి బతుకు ఒక రబ్బరు ముద్రకి అతుక్కుని ఉంది.

పాత లైట్లు వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. ఎదురుగా గొయ్యి ఉందన్న సంగతి అందులో దిగాకే తెలిసేది. అందుకని బాబాయి పెద్ద బల్బులు, లావు వైర్లు, రెండు రిలేలు కొన్నాడు. స్విచ్చి మీద భారం పడకుండా బ్యాటరీ కరెంటుని నేరుగా బల్బుకి అందించే డబ్బీ రిలే. బాబాయి బిగించాక అది నిజంగానే రిలే పందెమైంది. కరెంటు చేతులు మారుతూ పరుగెత్తింది గానీ గమ్యం చేరలేదు. హెడ్‌లైటు స్విచ్చి నొక్కితే ఇండికేటర్లు కన్నుకొట్టాయి. ఇండికేటర్ వేస్తే హారన్ మూలిగింది. హారన్ నొక్కితే ఎడమ హెడ్‌లైటు జ్వరం కన్నులా ఎర్రగా తెరుచుకుంది.

"పొద్దుట్నించీ ఏం వెలగబెడుతున్నారండీ?" వంటింటి కిటికీలోంచి భార్య అడిగింది.

"వెలగట్లేదనేగా నా ఏడుపు!"

ఆవిడ తమ్ముణ్ణి పిలిపించింది. మిక్సీలు బాగుచేసే ఆ బావమరిది "నాకు తెలీదు" అన్న మాట మాటలొచ్చాక ఎన్నడూ అనలేదు.

"స్విచ్చి పోయింది బావా. అసలు దాంతో పనేముంది?" అని దాని వైరు పీకేసి, రిలేకి బ్యాటరీ నుంచే ఇంకో వైరు తగిలించాడు. లైట్లు ఉలకలేదు, పలకలేదు. "మిక్సీ అయితే ఈపాటికి తిరిగేది."

"తిరుగుతోందిరా, నా బుర్ర!"

పది దాటింది. ఆవిడే గరిటెతో వచ్చింది. "టైమెంతైందో చూశారా? ఏమిటీ కొత్త బోల్టు, బొట్టు పెట్టినట్టు?" అంటూ ఎర్తు వైరు బిగించిన బోల్టుని గరిటెతో పొడిచింది. గరిటె కాడ పక్కనున్న ఇంజనుకి తగిలింది. రెండు లైట్లూ భగ్గుమన్నాయి. సరిగ్గా అప్పుడే బల్బులోకి తొంగిచూస్తున్న బావమరిది వెనక్కి పడ్డాడు.

"అక్కా! పోయిన నాన్న కనిపించాడే!"

"ఏమన్నాడ్రా?"

"స్విచ్చి పీకొద్దన్నాడు."

రోగం దొరికింది. తనిఖీ అధికారికి శుభ్రమంటే ఇష్టమని ఎవరో చెబితే, ఆవిడే వారం క్రితం బానెట్ లోపల కూడా రెండు పూతలు రంగు వేయించింది. బాబాయి ఎర్తు వైరుని ఆ రంగు మీదే బిగించాడు. ఇనుము తగలకపోతే ఎర్తు వ్యర్థు! ఆ గరిటెతోనే రంగు గీకి మళ్ళీ బిగించారు. లైట్లు పట్టపగలే సూర్యుడితో పోటీకి దిగాయి. బాబాయి పొంగిపోయి స్విచ్చి ఆపాడు. లైట్లు ఆగలేదు.

"ఒరేయ్, ఆరట్లేదేమిట్రా?"

"స్విచ్చి పీకేశాగా బావా."

"మళ్ళీ పెట్టు!"

"ఏ వైరు ఎక్కణ్ణించి పీకానో గుర్తు లేదు బావా."

పదిన్నర. వైరింగు విప్పే వ్యవధి లేదు. ఇద్దరూ ఆ వెలుగుతోనే బయల్దేరారు. దారిపొడుగునా ఎదురొచ్చినవాళ్ళంతా వేళ్ళు ముడిచి తెరిచి సైగలు చేశారు. ఒక లారీ డ్రైవరు తల బయటపెట్టి "లైట్లు!" అని అరిచాడు.

"కొత్తవే!" అని బావమరిది గర్వంగా బదులిచ్చాడు.

తనిఖీ అధికారి తాపీ మనిషి. "ఇంజను ఆపు. లైట్లు వెయ్యి," అన్నాడు.

"వేసే తెచ్చానండీ," అన్నాడు బాబాయి.

అధికారి గీతల బోర్డు మీద వెలుగు కొలిచాడు. ఎడమది దించమన్నాడు. బావమరిది మరీ దించాడు. ఎత్తమన్నాడు. పైకప్పుకి ఎత్తాడు. ఈ ఎత్తిపోతలకే ముప్పావుగంట పట్టింది.

"బాగుంది. ఇక ఆపు."

బాబాయి నొక్కాడు. స్విచ్చి టక్కుమంది. లైట్లు నవ్వుతూనే ఉన్నాయి.

"ఆపమన్నానయ్యా!"

"ఆపుతున్నానండీ." టక్. టక్.

"చెవుడా?"

"నాకు కాదండీ, దానికి."

అధికారి మొహం గంటు పెట్టుకుని కాగితంలో 'స్విచ్చి' అన్న గడి వెతికి, "పని చే" దాకా రాశాడు. "యదు" మిగిలింది. బాబాయి కళ్ళముందు రొట్టెలన్నీ వరసగా ఇంకో వ్యాను ఎక్కుతున్నాయి. అంతలో లైట్లు పసుపెక్కాయి, ఎర్రబడ్డాయి, ఉస్సురని ఆరిపోయాయి.

అధికారి కలం ఆగింది. "ఇదేమిటి, ఇంత మెల్లగా ఆరింది?"

"అప్‌గ్రేడండీ," అన్నాడు బావమరిది తడుముకోకుండా. "కళ్ళకి హాయిగా ఉంటుందని."

అధికారి తలూపి "యును" అని పూర్తిచేసి, ముద్ర కొట్టాడు. బాబాయి కాగితాన్ని కళ్ళకద్దుకుని తాళం తిప్పాడు. వ్యాను కిక్కురుమనలేదు. బ్యాటరీ ఖాళీ. వెనక పదకొండు వాహనాలు హారన్లు అందుకున్నాయి.

"కదలదేం?"

"ఇంతసేపు నిలబడి అలవాటు లేదండీ. కాళ్ళు పట్టేసినట్టున్నాయి," అన్నాడు బావమరిది.

"ముందు దీన్ని నా గేటు దాటించండయ్యా!" అంటూ అధికారి చొక్కా చేతులు మడిచి తానూ తొయ్యడానికి వెనక చేరాడు.

రోడ్డు మీద నడవడానికి యోగ్యమని ముద్ర వేసిన చెయ్యే, ఆ వ్యానుని రోడ్డు దాకా నడిపించింది.