సున్నం పూసిన చెట్లూ, క్రమశిక్షణ గల నత్తలూ

పోయినేడు అక్టోబరు పదకొండో తేదీ మధ్యాహ్నం మా లోమా క్లారా పురపాలక సంఘం నత్తలను గౌరవించాలని నిర్ణయించింది. ఆ వేళ నేను బకాన్ తింటున్నాను. పచ్చి అరటికాయ తురుములో పీత మాంసం, కొబ్బరిపాలు కలిపి అరిటాకులో చుట్టి ఉడికించినది. పక్కింటి నియెవెస్ తెచ్చిపెట్టింది. భార్య పోయిన మగవాడి ఇంటికి మా వీధిలో ఎవరో ఒకరు అరిటాకు పొట్లం పంపుతూనే ఉంటారు. ఎవరి వంతు ఎప్పుడో ఎవరూ మాట్లాడుకోరు, అయినా ఒక్క రోజూ తప్పదు. పురపాలక సంఘం ఏ పనీ ఇంత సజావుగా చేసినట్టు నాకు గుర్తు లేదు.

జీపుకు కట్టిన మైకు వీధి మలుపులో దగ్గి, గొంతు సవరించుకుంది. "కామ్రేడ్స్! ప్రపంచంలో మరెక్కడా లేని రంగుల నత్త మన ద్వీపం తూర్పు కొనలోనే పుట్టింది. ఇంకెక్కడైనా పుట్టగలిగి ఉండి కూడా మనల్నే ఎంచుకుంది. నవంబరు పదహారున రాజధాని నుంచి కమిషన్ వస్తోంది. ఆదర్శ నత్త పట్టణం జెండా మనదే కావాలి!"

"నత్తలకి చెప్పారా?" అంది నియెవెస్, నా పళ్లెం కేసి చూస్తూనే. "మాస్టారూ, పీత గుల్ల ముక్క తగిలితే ఉమ్మెయ్యండి, మొహమాటపడకండి."

మా పెరట్లో ఏడు కాఫీ మొక్కలు, ఒక జామచెట్టు ఉన్నాయి. అన్నీ నా భార్య ఒదాలిస్ నాటినవే. ఆ ఎనిమిదింటి మీద కలిపి నలభై మూడు నత్తలు. కొన్ని నిమ్మపండు పసుపు, కొన్ని ఇటుక ఎరుపు, కొన్ని గోధుమరంగు మీద నల్లచార. ఒకే తల్లి పిల్లలు కూడా ఒకే రంగులో ఉండవు. ఒదాలిస్ పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని వాటిని లెక్కపెట్టేది. "కాలు చూసి వెయ్యి" అనేది నాతో. ఆమె పోయి మూడేళ్లు. ఈ నత్తల ఆయుష్షు ఏడాది దాటితే గొప్ప. అంటే ఇప్పుడున్నవాటిలో ఒక్కటీ ఆమెను చూసి ఉండదు. అయినా ఆమె చెట్ల మీదే ఉంటున్నాయి. లెక్కపెట్టే పని నాకు వచ్చింది.

ముప్పై ఏళ్లు నేను జీవశాస్త్రం చెప్పాను కాబట్టి గణన ఫారం మొదట నాకే పంపారు. ఆడవి ఎన్ని, మగవి ఎన్ని, మొత్తం ఎన్ని అని మూడు గళ్లు. ప్రతి నత్తా ఆడదే, మగదే. జత కట్టేటప్పుడు బాణంలాంటి చిన్న ముల్లుతో పొడుచుకుంటాయి, తరువాత నేలకు దిగి గుడ్లు పెడతాయి. మా వీధి సంసారాలకూ వాటికీ తేడా ఏమిటంటే, పొడిచాక అవి మాట్లాడవు. నలభై మూడు ఆడ, నలభై మూడు మగ, మొత్తం నలభై మూడు అని నింపి పంపాను. మూడు రోజులకు ఫారం తిరిగి వచ్చింది. కూడిక తప్పు అని ఎర్రసిరాతో రాసి, మొత్తాన్ని ఎనభై ఆరుగా దిద్ది, ఇకమీదట జాగ్రత్తగా ఉండమని మందలించారు. ఆ విధంగా ఒక్క కలంపోటుతో మా జిల్లాలో నత్తల జనాభా రెట్టింపయింది. పత్రికలో కూడా వేశారు.

ప్రకృతి, సంస్కృతి, వీధి శుభ్రత శాఖల డైరెక్టరు లియోనిదెస్ నా శిష్యుడే. ఏడో తరగతిలో నత్త బొమ్మ గీయమంటే నాలుగు కాళ్లు పెట్టాడు. చెడ్డవాడు కాడు. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసినా, అది పక్కవాడి కాగితమని కింద నిజాయితీగా రాసేవాడు. సంఘం హాలులో అతను లేచి ఇలా ప్రసంగించాడు:

"కామ్రేడ్స్, మన నత్తకి ఇప్పటిదాకా ఎవరూ ఏమీ చేయలేదు. అది ఒంటరిగా, ప్రణాళిక లేకుండా బతికింది. ఇక అలా కుదరదు. నత్త గుల్ల దేనితో తయారవుతుంది? సున్నంతో! ఈ మాట నాకు చెప్పినవారు ఈ హాలులోనే ఉన్నారు, మా గురువుగారు ఎవెలియో మాస్టారు. కనక ఊళ్లో ప్రతి చెట్టుకీ, ఛాతీ ఎత్తు వరకు, సున్నం వేద్దాం. అతిథులకు అందం, నత్తకు ఆహారం!"

మా దేశంలో పైనుంచి ఎవరైనా వస్తున్నారంటే చెట్లకు సున్నం వేయడం ఆచారం. తెల్లచెట్టు కనిపిస్తే గాడిదలు కూడా పక్కకు తప్పుకుంటాయి. కాబట్టి సున్నం ఎలాగూ పడేదే. ఈసారి దానికి శాస్త్రం తోడయింది. నేను చెయ్యెత్తాను. తడి సున్నం నత్త పాదాన్ని కాలుస్తుందనీ, అది తినేది సున్నం కాదనీ, బెరడు మీద పాచీ, ఆకు మీద మసి తెగులూ అనీ, ఆ తిండి తినే అది మన కాఫీ మొక్కలను శుభ్రం చేస్తుందనీ చెప్పబోయాను. "నేను..." అనగానే హాలంతా చప్పట్లు మోగాయి. నన్ను ఏకగ్రీవంగా శాస్త్ర సలహాదారుగా ఎన్నుకున్నారు. సలహాదారు సలహా వినడానికి ఎజెండాలో అంశం లేదు.

వారం రోజుల్లో ఊరు తెల్లబడింది. పార్కులో బాదంచెట్లు, రోడ్డు పక్క కొబ్బరిచెట్లు, సహకార సంఘం కాఫీతోటలు, ఆఖరికి కోళ్లగూడు పక్కన ఎండిపోయిన మోడు కూడా. నత్తలు పైకొమ్మల చివరలకు ఎక్కాయి. అక్కడ వంకరముక్కు గద్దలు నిలబడి ఉన్నాయి. ఇన్నేళ్లకు ఎవరో తమ భోజనం వడ్డించినందుకు అవి సంఘానికి కృతజ్ఞతతో గుండ్రంగా తిరిగాయి. మిగిలిన నత్తలు ఆకలితో రాలిపోయాయి. నత్తలు కనిపించకపోవడానికి కారణం అవి సున్నం తిని విశ్రాంతి తీసుకుంటూ ఉండటమేనని సంఘం ప్రకటించింది.

బ్రష్షులు, బకెట్లతో సున్నం దళం మా గేటుకు కూడా వచ్చింది. నేను గేటు గొళ్లెం పట్టుకుని నిలబడ్డాను. గోడ మీదుగా నియెవెస్ తల వచ్చింది.

"ఆగండాగండి! ఫారం ఏదీ?"

"ఏ ఫారమమ్మా?" అన్నాడు దళం పెద్ద.

"సొంత పెరటి చెట్లకి సున్నం వేసే ఫారం. పార్కు చెట్టు జనానిది. ఇది మాస్టారి భార్య చెట్టు. రేపు చెట్టు చస్తే ఎవరి సంతకం చూపిస్తావు నాయనా? నీదా?"

దళం పెద్ద బ్రష్షును బకెట్లో ముంచి, తీసి, మళ్లీ ముంచాడు. అటువంటి ఫారం ఉందని అతనికి తెలియదు. లేదని చెప్పే ధైర్యమూ లేదు. ఆ ఫారం అచ్చు వేయించమని సంఘం పైకి రాసింది. ఆలస్యం అనేదాన్ని అందరూ తిడతారు గాని, ఒక్కోసారి అది దేవుడి చెయ్యిలా వచ్చి భుజం మీద పడుతుంది.

నవంబరు పద్నాలుగు సాయంకాలం లియోనిదెస్ ఒంటరిగా వచ్చాడు. చేతిలో మూతకు చిల్లులు పెట్టిన బిస్కెట్ల డబ్బా.

"మాస్టారూ, పార్కులో ఒక్కటీ లేదు. వెతికి వెతికి మెడ పట్టేసింది. మీ దగ్గర ఎనభై ఆరున్నాయని రికార్డుంది."

"నలభై మూడు."

"ఎన్నయినా సరే. ఒక్క రోజుకి ఇవ్వండి. పెళ్లికి కుర్చీలు ఇచ్చినట్టనుకోండి."

"ఒరేయ్, కుర్చీల పాదాలు కాలవురా. ఆ సున్నం మీద పెడితే సాయంత్రానికి ఒక్కటీ మిగలదు. ఈ ఊళ్లో బతికున్నవి ఇవే."

అతను జామచెట్టు కేసి చూశాడు. ఒక పసుపు నత్త కొమ్ములు చాచి, మా ఇద్దరి మాటా విని, మళ్లీ లోపలికి లాక్కుంది.

"ఒదాలిస్ అమ్మ చెట్టు కదూ," అన్నాడు. "చిన్నప్పుడు కాయలు దొంగిలిస్తే, పండినవి ఎటుపక్క ఉన్నాయో చెప్పేది." డబ్బా మూత తీశాడు, పెట్టాడు. "కాని జెండా రాకపోతే నన్ను కొండమీద చెత్తబండికి మారుస్తారు మాస్టారూ. నాకు బండి తోలడం కూడా రాదు."

గోడ మీదుగా మళ్లీ ఆ తలే వచ్చింది. "కదలని నత్తలు చాలవా బాబూ నీకు? నా దండలన్నీ పోలీసుల గదిలోనే మూలుగుతున్నాయిగా!"

సంగతేమిటంటే, నత్తగుల్లలకు చిల్లు పెట్టి దండలు గుచ్చి విదేశీయులకు అమ్మడం నేరం. ఆ నేరానికే నియెవెస్‌కు రెండేళ్ల కింద శిక్ష పడింది. దండలు సాక్ష్యంగా గదిలో ఉన్నాయి. ఆ రాత్రే పోలీసుల దగ్గర్నుంచి తెప్పించి, వాటిని విప్పే బాధ్యతను, తగిన అనుభవం ఉన్న కారణంగా, నియెవెస్‌కే అప్పగించారు. ఆరువందల పన్నెండు గుల్లలు వచ్చాయి. కర్రపెండలం దుంప గంజి కాచి, చిల్లు బెరడువైపు వచ్చేలా, ప్రతి తెల్లని మొదలుకూ వరసలుగా అంటించారు. చిన్నవి ముందు, పెద్దవి వెనక. గుచ్చినందుకు శిక్ష పడిన చేతులకు విప్పినందుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. మనిషి పట్టుదలగా ఒకే పని చేస్తూ పోతే ఎప్పటికైనా గుర్తింపు వస్తుందనడానికి ఇది నిదర్శనం.

పదహారున కమిషన్ అధ్యక్షురాలు డాక్టర్ ఆల్తగ్రాసియా తెల్లగొడుగు కింద నడుస్తూ, వరసలు చూసి ముగ్ధురాలయ్యారు. బ్యాండు ఆగాక ఇలా అన్నారు:

"నేను ముప్పై పట్టణాలు తిరిగాను. ఎక్కడ చూసినా నత్తలు ఇష్టమొచ్చినట్టు పాకుతున్నాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. ఇక్కడ మొదటిసారి చైతన్యం గల నత్తలను చూశాను. ఒక్కటీ కదల్లేదు! ఒక్కటీ ప్రశ్నించలేదు! తెల్లని పునాది మీద అవి స్థిరంగా నిలబడ్డాయి. కామ్రేడ్స్, మనం వీటిని చూసి నేర్చుకోవాలి."

చప్పట్లు మోగాయి. నేను రెండో వరసలో, శాస్త్ర సలహాదారు కుర్చీలో ఉన్నాను. నేనూ కొట్టాను.

నవంబరు మాకు వానాకాలం. ప్రసంగం అయిదో కాగితంలో ఉండగా వాన దిగింది. గంజి కరిగింది. మొదట ఒక గుల్ల డోలు మీద టక్కుమని పడింది. తరువాత పది. ఆ తరువాత బాదంచెట్లన్నీ కలిసి, ఎవరో బియ్యం ఒలకబోసినట్టు, గుల్లలు రాల్చాయి. అధ్యక్షురాలి గొడుగు ఆగిపోయింది. లియోనిదెస్ మొహం చెట్టు మొదలు రంగుకు వచ్చింది. నాకేసి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, పరీక్షలో పక్కవాడి కాగితం కేసి చూసే చూపు. నేను రెండు వేళ్లు నేలవైపు చూపించాను.

"గుడ్లు!" అని అరిచాడు లియోనిదెస్. "వాన పడగానే గుడ్లు పెట్టడానికి నేలకు దిగుతున్నాయి కామ్రేడ్! అందరూ ఒకేసారి! ప్రణాళిక ప్రకారం!"

జీవితంలో మొదటిసారి అతను జీవశాస్త్రంలో సరైన జవాబు చెప్పాడు. అది చచ్చిన నత్తల గురించి కావడం అతని తప్పు కాదు. బ్యాండు మళ్లీ మోగింది.

అప్పుడే ఒక నిమ్మపండు రంగు నత్త జెండాకర్రను ఎక్కుతూ కనిపించింది. పార్కులో సున్నం పడనిది ఆ పాచిపట్టిన కర్ర ఒక్కటే. వాన తడికి ఎక్కడి నుంచి వచ్చిందో, కొమ్ములు చాచి, పాచి గీరుకు తింటూ, తాపీగా పైకి పోతోంది. బతికున్నది. డాక్టర్ ఆల్తగ్రాసియా కళ్లజోడు తుడుచుకున్నారు.

"అదేమిటి? అది కదులుతోంది!"

ఆమె వేలెత్తి కర్రను చూపించారు.

"మిగతా అందరూ ఒక పనిలో ఉంటే ఇది ఒక్కటే ఎక్కడికి? దీన్ని తొలగించండి."

లియోనిదెస్ వెంటనే దాన్ని తొలగించి టోపీలో వేసుకున్నాడు. ఆ ఖాళీ అయిన కర్రకు జెండా కట్టారు.

సాయంకాలం వాన వెలిశాక అతను మా గేటు దగ్గరికి వచ్చాడు. టోపీ రెండు చేతులతో పట్టుకుని, లోపల పోసిన పాలు ఒలికిపోతాయేమో అన్నట్టు నడిచాడు. నత్తను జామచెట్టు మొదట్లో తనే పెట్టాడు. అది కాసేపు ఆలోచించి ఎక్కడం మొదలెట్టింది. అది మొదటి కొమ్మ చేరేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. చాలాసేపే పట్టింది.

"నలభై నాలుగు," అన్నాన్నేను.

"సున్నా మాస్టారూ." జేబులోంచి కాగితాలు తీశాడు. మా పెరటి గణన ఫారంలో ఎనభై ఆరు కొట్టేసి సున్నా చుట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి ఉంది. "ఇక్కడ నత్తలే లేవు. నత్తలు లేని చెట్టుకి సున్నం దండగ. ఆ సున్నం ఫారం అచ్చయినా ఇక్కడికి ఎవరూ రారు."

ఆ సున్నా మీద వేలు పెట్టి చూశాను. ఏడో తరగతిలో ఇతనికి నేను వేసిన మార్కు కూడా అదే.

"మరి ఇది?" అన్నాను రెండో కాగితం చూసి.

"కమిషన్ నివేదిక. పార్కులో ఆరువందల పన్నెండు సజీవ నత్తలు, సున్నం వల్ల ఆరోగ్యంగా ఉన్నాయని. వచ్చే ఏడు జిల్లా అంతటా వేస్తారట." అతను నా మొహం చూడలేదు. "కింద శాస్త్ర సలహాదారు సంతకం కావాలి. లేకపోతే ఆ సున్నా నిలవదు మాస్టారూ. మళ్లీ లెక్కకి వస్తారు."

గోడవతల నియెవెస్ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను చెట్టు కేసి చూశాను. నలభై నాలుగు. కొండ మీద సహకార సంఘం తోటల్లో ఎన్ని మిగిలాయో ఎవరూ లెక్కపెట్టలేదు. కలం అతనే ఇచ్చాడు. ఒకసారి రాసి చూశాను, సిరా బాగానే పడుతోంది.

ఆ సంతకానికి నాకు వచ్చిన ప్రశంసాపత్రం ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. వానలు పోయి ఎండలు ముదిరాక నత్త ఏం చేస్తుందో ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను. ఒక ఆకును చూసుకుని, దానికి అంటుకుని, నోటికి జిగురుతో మూత వేసుకుంటుంది. బయట ఏం జరిగినా పలకదు. చచ్చిందో బతికుందో చూసేవాడికి తెలియదు. మంచి వాన వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఆ పాఠం క్లాసులో ఎవరికీ రాలేదనుకునేవాణ్ణి. ఆ రోజు పార్కులో ఊరంతా చప్పట్లు కొడుతుంటే తెలిసింది, ఒక్కడూ ఫెయిల్ కాలేదని. మీ ఊళ్లో మాస్టారు కూడా బాగానే చెప్పి ఉంటారు.

ఆ సాయంకాలం లియోనిదెస్ కాగితాలు తీసుకుని వెళ్లాడు. గోడ మీద ఎప్పుడు పెట్టిందో, అరిటాకు పొట్లం ఇంకా వేడిగా ఉంది. వీధి చివర మైకు జీపు గొంతు సవరించుకుంటోంది. కాలు చూసి వేస్తూ లోపలికి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాను.