ఛైర్మన్ గారు చదివిన దయ్యాల బొమ్మల కథ

జిల్లాలోని టీనేజీ పిల్లలందరూ తక్షణం ఒక దయ్యాల బొమ్మల కథ చదవాలని గ్రంథాలయ సంస్థ ఛైర్మన్ యుగేందర్ గారు భూపాలపల్లిలో ప్రకటించారు. పదో తరగతి తర్వాత ఏ పుస్తకమూ ముట్టని మనిషి చదువు కోసం ఇంతకు తెగించడం చూసి పత్రికలవాళ్లు సైతం నివ్వెరపోయారు.

ఈ పుణ్యం నిజానికి మొగుళ్లపల్లి లైబ్రేరియన్ యమునది. పాఠకులు రావడం లేదు కనుక లైబ్రరీ ఎత్తేస్తామని పైనుంచి కబురొచ్చింది. ఏం పెడితే వస్తారని ఆమె పిల్లలనే అడిగింది. పదో తరగతి గ్రేస్ ‘నీడల బడి’ అనే జపాన్ మాంగా పేరు చెప్పింది. ఇంగ్లీషులోకి వచ్చిన బొమ్మల కథ. బడిలో ఒక నీడ తిరుగుతుంటుంది. అది ఎవరి మీద పడితే వాళ్లు మాయం. యమున దాన్ని తెప్పించింది మొదలు బడి వదలగానే లైబ్రరీలో కాలు పెట్టే చోటు లేదు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఛైర్మన్ గారు కూడా ఒక మాట అంటే ఇక ఎవరూ ఎత్తేయలేరని పుస్తకం ఆయన చేతిలో పెట్టింది.

ఆయన చదివారు. నమ్మండి, నిజంగానే చదివారు. ఇంగ్లీషు మాటల జోలికి పోకుండా ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా బొమ్మలన్నీ చూశారు. భూపాలపల్లిలో ఆ ప్రకటన చేసి, తర్వాత మొగుళ్లపల్లి లైబ్రరీలోనే సభ పెట్టించి, శాలువా సర్దుకుని మైకందుకున్నారు.

“గిది దయ్యాల కథ కాదు, అభివృద్ధి కథ! మొదాలు ఊరంత వల్లకాడు. పేజీలు తిప్పుతాంటే మాయమైనోళ్లు మల్ల వస్తాండ్రు, కూలిన బడి లేస్తాంది. ఆఖరుకు పిల్లలంత నవ్వుకుంట బడికి పోతాండ్రు. అచ్చం మన పాలన లెక్కనే!”

వెనక వరుసలో గ్రేస్ లేచింది. “సార్, జపాన్ పుస్తకం కుడి దిక్కుకెల్లి సదవాలె. మీరు ఆఖరుకెల్లి మొదాలుకు సదివిండ్రు.”

యమున ఆమెను కూర్చోమని సైగ చేసింది. కార్యకర్త సంపత్ గొంతు పెంచాడు. “జపాన్‌ల ఎట్లనన్న సదువుకోనీ. మన జిల్లాల అన్న యాడ తెరిస్తే గదే మొదాలు!”

చప్పట్లు మోగాయి. ఆ ఊపులో ఛైర్మన్ గారు వరమిచ్చారు. “గీ పాత లైబ్రరీ ఏంది? గా కథల బడి లెక్క కొత్తది లేపుతా!”

“సార్, గిదే ఉండనీయుర్రి. పిల్లలు ఇప్పుడిప్పుడే వస్తాండ్రు,” అంది యమున.

“పిల్లలు యాడికి పోతరమ్మా?”

వారం తిరక్కుండా జేసీబీ వచ్చింది. పుస్తకాలు గోదాములోకి వెళ్లాయి. శిథిలాల ముందు సంపత్ పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఎడమవైపు ‘నిన్న’ అని ఇటుకల కుప్ప ఫొటో. కుడివైపు ‘రేపు’. కొత్త భవనానికి ప్లానూ లేదు, మంజూరూ లేదు. అందుకని అక్కడ సభనాటి లైబ్రరీ ఫొటోనే వేయించాడు. గది నిండా పిల్లలు, నవ్వు మొహాలు. నడుమ దండం పెడుతూ నిలువెత్తు ఛైర్మన్ గారు.

సాయంత్రం బడి నుంచి వస్తున్న గ్రేస్ ఫ్లెక్సీ నీడ తన మీద పడకుండా పక్కకు జరిగి, శిథిలాల ముందు నిలబడ్డ యమున దగ్గర ఆగింది.

“మేడం, గిదెట్ల సదవాలె?”

యమున కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“కుడి దిక్కుకెల్లి, బిడ్డా.”