తొక్కరాని పెడల్

మెర్సీ గడప మీద కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తట్ట సగమయ్యేసరికి ఆ రోజు చేయాల్సిన పని కూడా ఆమె మనసులో ఒక కొలిక్కి వచ్చింది. కూర వండి పెట్టి ఎనిమిది గంటల బస్సుకు హైదరాబాద్ పోవాలి. వాయిద్యాల దుకాణంలో రెండు మూడు ట్యూనర్ పెడళ్లను నేల మీద పెట్టించి, చెప్పులు విడిచి, ఒక్కొక్కటి కాలితో నొక్కి చూడాలి. కాలికి నచ్చినది కొనుక్కొని, సాయంత్రానికల్లా తిరిగొచ్చి తమ ఊరు కట్టంగూర్‌లో దిగాలి. అంగన్‌వాడీకి సెలవు కూడా పెట్టింది. ఇంత చిన్న పని గురించి ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేదు. కానీ ముందురోజు సాయంత్రం నీళ్ల నల్లా దగ్గర అత్త జానమ్మ అడిగితే చెప్పింది.

పోయిన ఆదివారం జరిగిన దానికే ఈ ప్రయాణం. వాళ్ల చర్చికి రేకుల కప్పు. పొద్దు ఎక్కిందంటే లోపల పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఆ వేడికి గిటార్ తీగలు సాగి శ్రుతి తప్పుతాయి. సంఘమంతా కళ్లు మూసుకొని మౌనంగా ప్రార్థన చేస్తున్నప్పుడు మెర్సీ ఒక తీగను సవరించుకుంది. ఎంత మెల్లగా మీటినా అది ఎలక్ట్రిక్ గిటార్. ఆమె వేలు చేసిన చిన్న పనిని స్పీకర్ డబ్బా చర్చి అంతటికీ చెప్పింది. కూడిక ముగిశాక సంఘ పెద్ద కాటమయ్య ఆమెను పక్కకు పిలిచాడు. ఇంకొక్కసారి ప్రార్థనలో ఆ టుంగుటుంగులు వినబడితే గిటార్ ఇంట్లోనే పెట్టి రమ్మని కోపం లేకుండానే చెప్పాడు. కీబోర్డు ఉండనే ఉందని, డప్పు నుంచి వేణువు దాకా అందులో అన్నీ మోగుతాయని కూడా అన్నాడు.

మెర్సీ తక్కువ మాట్లాడే మనిషి. అంగన్‌వాడీలో పిల్లలు, ఇంట్లో పెద్దలు మాట్లాడుతుంటే వింటుంది. నల్లగొండ హాస్టల్లో ఉన్నప్పుడు నేర్చుకున్న ఆ గిటార్ ఒక్కటే వారానికి రెండు గంటలు ఆమె తరఫున మాట్లాడుతుంది. అది కూడా పోతే ఆమెకు ఆదివారం మిగతా ఆరు రోజుల్లాంటిదే.

ట్యూనర్ పెడల్ అంటే అరచేతిలో పట్టే ఇనుప డబ్బా. గిటార్ వైరు దానిలో నుంచే స్పీకర్‌కు పోతుంది. ఒకసారి తొక్కితే గిటార్ శబ్దం ఆగిపోయి, ఏ తీగ తప్పిందో డబ్బా మీది దీపం చూపిస్తుంది. సవరించుకొని మళ్లీ తొక్కితే గిటార్ మోగుతుంది. మధ్యలో ఎవరి ప్రార్థనా చెడదు. మెర్సీకి కావలసింది అంతే.

జానమ్మకు చెవులు మందం. కాబట్టి తన నోటికి అదుపు ఉండాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. కోడలు కొనబోయే డబ్బా సంగతి నల్లా దగ్గర తమ సంఘంలోని సైదమ్మకు చెబుతుంటే వీధంతా విన్నది. సైదమ్మ పాస్టరుగారికి చెప్పింది. తట్టలో చివరి గుప్పెడు కాయలు మిగిలి ఉండగా పాస్టరుగారు, కాటమయ్య ఇద్దరూ వాకిట్లోకి వచ్చారు.

"నువ్వొక్కదానివే పోవుడేంది బిడ్డా. సంఘంల వాడే సామాను సంఘమే కొంటది. నలుగురం కూసొని ఆలోచన జేద్దాం" అన్నాడు కాటమయ్య.

నలుగురు అంటే పాస్టరుగారు, కాటమయ్య, మెర్సీ భర్త బెంజమిన్. నాలుగో మనిషి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

బెంజమిన్‌కు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. ఆ రోజు దాన్ని తెరవలేదు. తల్లి నోట సంగతి విన్నప్పటి నుంచి, రాత్రంతా అతను ట్యూనర్ పెడళ్ల వీడియోలే చూశాడు. గిటార్ ఏనాడూ పట్టుకోలేదు కానీ, ఏ పెడల్‌లో ఏ చిప్పు ఉందో నిద్రలో అడిగినా చెప్పగలడు. ఫోన్‌ను నీళ్ల బిందెకు ఆనించి ఒక్కో వీడియో ఆడిస్తూ, అందులో తెల్లవాడు చెప్పేదంతా ఇద్దరు పెద్దలకూ విప్పి చెప్పాడు. తీగ వెంట్రుకవాసి తప్పినా పట్టుకునే పెడల్ ఒకటి ఉందన్నాడు. పాస్టరుగారు చాయ్ కప్పులోకి చూస్తూ, అంతగా తప్పులు పట్టేవాళ్లు మన సంఘంలో ఇదివరకే ఉన్నారన్నారు. కాటమయ్య ఆ మాట తనకు కాదన్నట్టు ఫోన్ వైపు వంగాడు.

కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన కాటమయ్యకు వస్తువు బరువుగా ఉండాలి. తేలికైతే ఎవడో ఒకడు జేబులో వేసుకొని పోతాడు. పాస్టరుగారికి రంగు ముఖ్యం. చర్చిలో ముందుండే ప్రభువు బల్ల దగ్గర నల్లటి డబ్బా బాగుండదు. మూడో చాయ్ ఇస్తూ మెర్సీ ఒక మాట అన్నది.

"ఆ వీడియోలల్ల అందరు బూట్లేసుకొని తొక్కుతున్నరు. మనం చెప్పులు బయట ఇడిచి పోతం. ఉట్టి కాలుకు ఏది మెత్తగుంటదో చూస్తే చాలు. కుచ్చిళ్ల కింద దీపం జర కనబడాలె."

"అది చిన్న ముచ్చట మెర్సీ. ముందుగాల ఆక్యురసీ తేల్చాలె" అన్నాడు బెంజమిన్.

రోడ్డు మీద ఎనిమిది గంటల బస్సు పోయింది. తొమ్మిదిదీ పోయింది. పది గంటలకు ముగ్గురికీ నచ్చినవి మూడు పెడళ్లుగా మిగిలాయి. ఎవరూ తగ్గలేదు. సంఘంలో ఏది తేలకపోయినా చేసే పనే చేశారు. మూడు చీట్లు రాసి, మడిచి, గిన్నెలో వేసి, ప్రార్థన చేసి పాస్టరుగారు ఒకటి తీశారు. పాస్టరుగారి తెల్లదే వచ్చింది. బెంజమిన్ అక్కడికక్కడే ఫోన్‌లో ఆర్డరు పెట్టాడు. మెర్సీ పొయ్యి మీద కూర చూసుకోవడానికి పోయింది.

పార్సిల్ శనివారం దుకాణానికి వచ్చింది. ఇంటికి తెస్తే రాత్రికి ఒకసారి తొక్కి చూసుకోవచ్చని మెర్సీ వంట త్వరగా ముగించింది. కానీ అది దుకాణం నుంచి నేరుగా కాటమయ్య ఇంటికి పోయింది. ఫ్యానైనా, చాపైనా, నీళ్ల బకెట్టైనా చర్చికి కొత్తగా వచ్చింది ఏదైనా ముందు బల్ల మీద పెట్టి ప్రార్థన చేయాలి. ఆ తర్వాతే వాడాలి. ఇది వాళ్ల సంఘంలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. బకెట్టు విషయంలో దానివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు.

ఆదివారం తెల్ల పెడల్‌ను బల్ల మీద పూలదండ మధ్య పెట్టారు. పాస్టరుగారు దాన్ని తయారు చేసిన చేతుల కోసం, తెచ్చిన పార్సిల్ మనిషి కోసం, ఆర్డరు పెట్టిన బెంజమిన్ కోసం ప్రార్థించారు. బొటనవేలితో నూనె అద్ది, సరిగ్గా కాలితో నొక్కే చోట సిలువ గుర్తు వేశారు. సైదమ్మ అల్లిన లేసు గుడ్డను ఒక పీట మీద పరిచి, పెడల్‌ను దాని మీద పెట్టి, పీటను మెర్సీ ముందుకు జరిపారు. బెంజమిన్ వైర్లు కలిపాడు. మెర్సీ కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకొని కుడికాలు ఎత్తింది.

చర్చిలో విసనకర్రలు ఆగిపోయాయి.

"అమ్మా, ప్రార్థన జేసిన వస్తువు" అన్నాడు కాటమయ్య మొదటి వరుసలోంచి.

"ఇది కాలుతోనే తొక్కేది, పెద్దయ్యా."

"చేసినోళ్లకు ఏమెరుక. మనకు చేతులు లేవా బిడ్డా."

మెర్సీ పాస్టరుగారి వైపు చూసింది. పాస్టరుగారు తన బొటనవేలికి మిగిలిన నూనె వైపు చూసుకున్నారు. తర్వాత అందరూ బెంజమిన్ వైపు చూశారు. అతను బాగా ఆలోచించి, చేతితో నొక్కినా వారంటీ పోదని చెప్పాడు. మెర్సీ కాలు దించింది.

మొదటి పాట అయ్యేసరికే మూడో తీగ వదులైంది. మెర్సీ గిటార్‌ను ఒక చేత్తో అదుముకొని, మోకాళ్ల మీద వంగి, పెడల్ నొక్కి, దీపం కనబడడానికి తల దించింది. ఎదురుగా చాప మీద నిలబడిన సైదమ్మకు, పాట ముగియగానే మోకాళ్లూని తల వంచిన మెర్సీ కనబడింది. సైదమ్మ కూడా మోకాళ్లూనింది. ఆమెను చూసి ఆ వరుస, ఆ వరుసను చూసి వెనక వరుసలు, ఆడవాళ్లను చూసి మగవాళ్లు మోకరించారు. సంఘమంతా మోకరిస్తే తానొక్కడూ నిలబడలేక పాస్టరుగారు కూడా మోకరించి ప్రార్థన అందుకున్నారు. పది నిమిషాలు పట్టింది. మెర్సీకి తీగ సవరించడానికి అర నిమిషం పట్టింది. మిగతా తొమ్మిదిన్నర నిమిషాలూ ఆమె లేవలేకపోయింది.

అందరూ లేచారు. గిటార్ మోగాలంటే మళ్లీ నొక్కాలి. లేస్తూ లేస్తూనే నొక్కి ఉండాల్సిందని ఆమెకు అప్పుడు తట్టింది. వీలైనంత తొందరగా వంగి నొక్కి లేచింది. ఆమె లేచేసరికి సంఘం సగం కిందికి దిగింది. దిగిన వాళ్లను చూసి మిగతావాళ్లూ దిగారు. ఈసారి పాస్టరుగారు ఇంకా గట్టిగా ప్రార్థన అందుకున్నారు. ఇంత వాంఛతో మోకరించే సంఘాన్ని తన పదకొండేళ్ల సేవలో చూడలేదని ప్రార్థనలోనే అన్నారు. కాటమయ్య కళ్లు తుడుచుకున్నాడు.

రెండో పాట నడుమ రేకులు ఇంకా కాగి, ఇంకో తీగ జారింది. మెర్సీ పాట చివరిదాకా ఓర్చుకొని మూడోసారి వంగింది. మూడోసారి అందరూ మోకరించారు. లేచేటప్పుడు సైదమ్మ పక్కనున్న ఆమె భుజం పట్టుకొని రెండు విడతలుగా లేచింది. నిలబడ్డాక మెర్సీ వైపు చూసింది. ఇంకా ఉందా బిడ్డా అని ఆ చూపు అడిగింది.

శ్రుతి కుదిరింది. ఇక ఒక్కసారి నొక్కితే గిటార్ మోగుతుంది. మెర్సీ చేయి కొంచెం కిందికి కదిలింది. అది చూసి సైదమ్మ చేయి మోకాలి మీదికి పోయింది. మెర్సీ చేయి వెనక్కి తీసుకుంది. వైరు పీకి నేరుగా స్పీకర్‌కు పెడదామా అనుకుంది. అది కీబోర్డు వెనక గోడవార ఉంది. అంతదూరం పోతే సంఘమంతా లేచి వెంట వస్తుందేమోనని భయం వేసింది.

మిగతా నాలుగు పాటలకూ ఆమె చప్పుడు లేని గిటార్‌నే వాయించింది. ఒక్క తీగ తప్పలేదు. తప్పలేదని ఆమె వేళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం పాస్టరుగారు, కాటమయ్య వాళ్లింటికే భోజనానికి వచ్చారు. మెర్సీ కోడికూర వడ్డిస్తుంటే కాటమయ్య చేయి కడుక్కోకముందే మొదలుపెట్టాడు.

"మంచిని మంచనాలె. ఇన్నేండ్ల సంది వింటున్న గని, గిటార్ వాయించుడంటే ఇయ్యాలటి లెక్క ఉండాలె. చెవుల పడ్డట్టే లేదు. పాట పాట లెక్కనే ఉండె."

గిటార్ విషయంలో తనకిక ఏ ఆక్షేపణా లేదని, అది చర్చిలో శాశ్వతంగా ఉండవచ్చని కూడా చెప్పాడు. పాస్టరుగారు ఒక మెట్టు పైకి పోయి, వచ్చే నెల మేళ్లచెరువులో జరిగే సభలకు మెర్సీనే తీసుకుపోతామన్నారు. ఇదే పెడల్, ఇదే వాయింపు ఉండాలన్నారు.

"నాకైతే ఏం వినబడలే" అన్నది జానమ్మ గోడవారగా కూర్చొని.

అందరూ నవ్వారు. బెంజమిన్ తల్లి చెవి దగ్గరికి వంగి, మిషన్ పెట్టుకొమ్మంటే పెట్టుకోవని గట్టిగా అన్నాడు. మెర్సీ గరిటెను గిన్నెలో పెట్టింది.

"అత్తమ్మ చెప్పేది నిజమే. మూడో పాట సంది గిటార్ బంద్ ఉన్నది. నేను మళ్ల నొక్కలే. ఉత్తగనే వాయించిన."

పాస్టరుగారు కాటమయ్య వైపు తిరిగి, విన్నారా, ఇదీ తగ్గింపు అంటే అన్నారు. ఎంత చేసినా నేనేమీ చేయలేదనే మనసు అందరికీ రాదన్నారు. కాటమయ్య తల ఊపాడు. ఈ మాటను వచ్చే వారం యవ్వనస్తుల కూడికలో చెప్పాలన్నాడు.

మెర్సీ భర్త వైపు చూసింది.

"నువ్వు ముందల్నే కూసున్నవు గద. ఏం వినబడ్డది నీకు?"

"సాఫ్‌గ వినబడ్డది మెర్సీ. గింత లొల్లి లేకుండె. గదే ఆ పెడల్ గొప్పతనం" అన్నాడు బెంజమిన్. అతని గొంతులో అబద్ధం లేదు.

ఆ మాట మీద అతనికి ఉత్సాహం వచ్చి ఫోన్ తీశాడు. గిటార్ ఇంత బాగా కుదిరాక కీబోర్డుకు కూడా ఒకటి ఉంటే మంచిదన్నాడు. కాటమయ్య దాని బరువెంతో అడిగాడు. పాస్టరుగారు తెలుపులో దొరుకుతుందేమో చూడమన్నారు. బెంజమిన్ ఎడమచేత్తో బిందె జరిపి ఫోన్‌ను దానికి ఆనించాడు.

మెర్సీ అన్నం గిన్నె మీద మూత పెట్టింది. చేతులు కడుక్కొని కొంగుకు తుడుచుకుంది. మూలనున్న గిటార్ సంచిని భుజాన వేసుకొని, ముగ్గురి విస్తళ్ల పక్కనుంచి నడిచి, వాకిట్లో చెప్పులు తొడుక్కొని, గేటు దాటి పోయింది.

ఆమె ఎటు పోయి ఉంటుందన్న దాని మీద లోపల మూడు అభిప్రాయాలు వచ్చాయి.