రూపాయి పడిందా?

ఆపరేషన్ డబ్బు తప్పు ఖాతాలో పడటంతో, ఆపరేషన్ కూడా తప్పు మనిషి కంటికే జరిగిపోయింది. లక్కోజు వీరబ్రహ్మం అప్పటికే ఆకుపచ్చ గౌను తొడుక్కుని, తణుకులో ఒక కంటి ఆసుపత్రి బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కంట్లో మందు చుక్కలు వేశారు. డాక్టరు గ్లవ్స్ తొడుక్కుని, ఒకసారి కంప్యూటర్ వంక చూసి, వాటిని విప్పేశాడు.

"మీది అయిపోయిందండీ. లేవండి."

"ఇంకా మొదలే పెట్టలేదు కదండీ?"

"పది యాభై రెండుకి జరిగినట్టు చూపిస్తోంది. చాలా బాగా జరిగింది. వారం రోజులు తలస్నానం చేయకండి."

వీరబ్రహ్మం కంసాలి. ఉంగరాల్లో, ముక్కుపుడకల్లో రాళ్ళు పొదగడం అతని పని. ఎడమ కన్ను పన్నెండేళ్ళ కిందట కొలిమి దగ్గర పోయింది. మిగిలిన కుడి కంటికి శుక్లం వచ్చింది. ఒక కంటికి ఒకే ఆపరేషన్ అన్నది నియమం కనుక, మళ్ళీ డబ్బు కడతామన్నా ఆసుపత్రి ఒప్పుకోలేదు. రికార్డు ప్రకారం ఆ కన్ను బాగైపోయింది. అయినా కనపడకపోతే అది రోగి సొంత విషయమని క్యాష్ కౌంటరులో మర్యాదగా చెప్పారు.

డబ్బు పంపింది అతని భార్య కనకాంబ. కొట్లో కూర్చుని, ఆసుపత్రి కార్డు చూస్తూ, ఫోనులో ముప్పై రెండు వేలు పంపింది. ఖాతా నంబరులో చివరి నుంచి రెండో అంకె ఎనిమిది. ఆమె ఆరు నొక్కింది. మధ్యాహ్నం రెండున్నరకి భర్త చెయ్యి పట్టుకుని బ్యాంకుకి వచ్చింది.

పొరపాటు చెల్లింపుల కౌంటరు ముందు ఎనిమిది మంది ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. ఆమె ముందున్నాయన తన కొడుకు కాలేజీ ఫీజు తప్పు ఖాతాకి పంపాడు. దాంతో భీమడోలులో ఒక యాభై ఏళ్ళ పాల వ్యాపారికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఆ వ్యాపారి క్లాసులు మానడం లేదని, మొదటి సెమిస్టరులో మంచి మార్కులు కూడా వచ్చాయని ఆయన చెప్పాడు. తన వంతు రాగానే మైకు ముందు వంగి, తన పేరే చెప్పి, రసీదు తీసుకుని వెళ్ళిపోయాడు.

కౌంటరులో హైమవతి అనే అధికారిణి ఉంది. కనకాంబ కాగితాలు చూసి, తల ఎత్తకుండానే డబ్బు చేరిన మనిషికి ఫోన్ కలిపింది. నరసాపురం దగ్గర రొయ్యల చెరువుకి కాపలా ఉండే గుత్తుల సూరిబాబు అతను.

"ఆయ్, నాకే వచ్చిందండి," అన్నాడు సూరిబాబు. "గట్టు మీద నిలబడి బీడీ కాల్చుకుంటన్నాను. ఒక్కసారిగా అంతా తేటపడిపోయింది. నీళ్ళల్లో రొయ్య మీసాలు కూడా కనపడతన్నాయండి."

"బాబూ, అది మా ఆయన ఆపరేషను," అంది కనకాంబ. "ఆయనకి ఉన్నదే ఒక కన్ను. చూపు లేకపోతే కొట్టు మూసుకోవాలి."

"ఇవ్వకూడదని కాదు చెల్లెమ్మా. నేనూ మనిషినే. కానీ ఈ పంట ఎత్తేదాకా ఆగు. ఇన్నాళ్ళూ నా కళ్ళముందే రొయ్యలు ఎత్తుకుపోయార్ట. ఇప్పుడు దొంగ ఎవడో తెలిసింది. మా బావమరిదే."

హైమవతి 'సమ్మతి లేదు' అని రాసుకుంది. వచ్చింది ఉంచుకోవడం నేరం కాదని, బలవంతం చేసే అధికారం బ్యాంకుకి లేదని చెప్పింది.

"ఆసుపత్రి పేరు కొట్టానమ్మా నేను. వేరే పేరున్న ఖాతాకి ఎలా పంపారు?"

"పేరు అడిగేది మీ తృప్తి కోసం. మిషన్ అంకెలే చదువుతుంది."

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు. సూరిబాబు పెట్టేసే ముందు ఒక మాట అన్నాడు. "అసలుది రాకముందే, ఓ పావుగంట ముందర, ఓ రూపాయి బిళ్ళంత మేర తేటగా కనపడిందండి. చుట్టూ మసక, మజ్జిన ఆ బిళ్ళంత. ఎవరో రూపాయి ఏసినట్టున్నారు."

కనకాంబ కౌంటరు అంచు పట్టుకుంది. అందరిలాగే ఆమె కూడా ముందు ఒక రూపాయి వేసి చూసింది. ఆసుపత్రిలో ఉన్న భర్తకి ఫోన్ చేసి, రూపాయి పడిందా అని అడిగింది. పడిందన్నాడు. ఆ తర్వాతే మిగతాది పంపింది. రూపాయి నరసాపురంలో పడితే, తణుకులో పడిందని ఎలా చెప్పాడు?

"ఏవండీ, మీరు చూశారా, లేదా?"

వీరబ్రహ్మం నేల వంక చూశాడు. నేల కూడా అతనికి కనపడటం లేదు.

"ఆసుపత్రి క్యాష్ కౌంటరులో అమ్మాయి కంప్యూటర్ నా వైపు తిప్పి చూసుకోండి అంది. తెల్లగా ఏదో ఉంది. వెనకాల నలుగురున్నారు. అందులో ఇద్దరు మన కొట్టుకి వచ్చేవాళ్ళే. కంసాలిని, కనపడటం లేదని వాళ్ళ ముందు ఎలా అనను కనకం? పడింది అనేశాను."

"కొంచెం మసక, అంతే అన్నారు నాతో."

"నీతో కూడా అలాగే అనేశాను."

హైమవతి ఆఖరి ఫారం ముందుకు తోసింది. తప్పు ఎవరిదన్న ప్రశ్న కింద నాలుగు గళ్ళున్నాయి. బ్యాంకు, ఆసుపత్రి, ఫోన్ కంపెనీ అన్న మూడింటిలో 'కాదు' అని ముద్రించే ఇచ్చారు. నాలుగోది ఖాళీ. అందులో పేరు రాయకూడదు, మైకులో గట్టిగా చెప్పాలి. చెప్పిన మనిషి నుంచి నష్టం సర్దుబాటు చేస్తారు. ఇక్కడ పోయింది ఒక కంటి చూపు కనుక, దోషి కళ్ళలో ఒకదాని చూపు సాయంత్రం ఐదులోగా వీరబ్రహ్మం కుడి కంటికి జమ అవుతుంది.

"మా ఆయన పేరు చెబితే?" అంది కనకాంబ.

"ఆయన దగ్గర తీసుకోవడానికి ఏం లేదు కదమ్మా. ఫైలు మూసేస్తాం."

"బ్యాంకు పేరు చెబితే?"

"చెప్పండి. మైకు తీసుకోదు."

కనకాంబ వంగి బ్యాంకు పేరు చెప్పింది. మైకు మీద ఎర్ర దీపం వెలగలేదు. ఇంకోసారి చెప్పింది. వెనక వరుసలో ఒకాయన గడియారం చూసుకున్నాడు.

"ఈ కౌంటరులో ఆరేళ్ళుగా ఉన్నాను," అంది హైమవతి. ఆమె గొంతులో కోపం లేదు. "అందరూ ముందు అదే చెబుతారు. తర్వాత సరైన పేరు వాళ్ళకే తడుతుంది."

వీరబ్రహ్మం తడుముకుంటూ ముందుకు వచ్చాడు. "తప్పు నాది. నేనే చెబుతాను. రాసుకోండి, లక్కో..."

కనకాంబ అతని నోటి మీద చెయ్యి వేసింది. అరచేతి కింద అతని పెదాలు ఇంకా కదులుతున్నాయి. ఆమె రెండు కళ్ళతోనూ హాలంతా ఒకసారి చూసుకుంది: గోడ మీద వినియోగదారుల హక్కుల బోర్డు, పక్కన ఫిర్యాదుల పెట్టె, దాని తాళానికి పట్టిన తుప్పు. తర్వాత మైకు ముందు వంగింది. ఎర్ర దీపం వెంటనే వెలిగింది.

"వినపడలేదమ్మా," అంది హైమవతి. "కొంచెం గట్టిగా."

"లక్కోజు కనకాంబ."