కంపం లేని పూట

ఆ ఉదయం చరిత్ర లెక్చరరుగారి కోరికలు చాలా చిన్నవి. మొదటి గంటలో క్లాసు లేదు కాబట్టి, ఫ్యాను కింద కూర్చుని జవాబుపత్రాలు దిద్దుతున్నట్టు కనిపిస్తూ ఒక కునుకు తీయాలి. అంతకుమించి ఆయనేమీ అడగలేదు. కానీ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ భార్య ఒక పని పురమాయించింది.

"ఏమండీ, ఇవాళే పాత యూనివర్సిటీ నుంచి నిపుణుడు వచ్చేది. బొమ్మ స్పష్టంగా రాకపోతే, వాళ్లు మనకిచ్చిన మైక్రోస్కోపుని మూటగట్టి పట్టుకుపోతారు. ఫోను కట్టేసి, ఆయనతో లోపల తలుపేసుకుని కూర్చుంటాను. మా బ్లాకు దగ్గర కంపం లేకుండా చూసే పూచీ మీది."

"కంపమా?"

"అదేనండీ, అదురు. ఎవరూ దబదబా నడవకూడదు, లారీలు రాకూడదు. ముఖ్యంగా మీరు తలుపు కొట్టకూడదు."

"నేనెందుకు కొడతాను?"

"పెళ్లయినప్పట్నుంచీ చూస్తున్నాగా. కళ్లజోడు ముక్కు మీద పెట్టుకుని, ఎక్కడుందని అడగడానికి కొడతారు."

ఆమె కూడా ఆయన పనిచేసే కొత్త విశ్వవిద్యాలయంలోనే ఫిజిక్సు చెబుతుంది. ఆ విశ్వవిద్యాలయానికి ఇంకా పాలపళ్లు ఊడలేదు. ఒక గోడకి ఇవతల పాఠాలు, అవతల కాంక్రీటు మిక్సర్లు. బ్యాంకు కోసం కట్టిన గదుల్లో చరిత్ర శాఖను పెట్టారు గనక లెక్చరరుగారు క్యాషు కిటికీ వెనకే కూర్చుంటారు. లిఫ్టుకి చుట్టిన ప్లాస్టిక్కు ఇంకా ఊడదీయలేదు. ఇంత హడావిడి మధ్య కూర్చున్న ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, కంటికి కనబడని రేణువుల్ని కొండంత చేసి చూపించగలదు గానీ, ఎక్కడో ఒక ఇటుక కింద పడితే చాలు, బొమ్మ చెదిరిపోతుంది. నెలల తరబడి వచ్చిన బొమ్మలన్నీ పరిగెడుతున్న మేకను ఫోటో తీసినట్టే ఉన్నాయి. యంత్రం పోతే దాన్ని నమ్ముకుని చేరిన పరిశోధక విద్యార్థులూ దాని వెనకే పోతారు. భార్య నెలరోజులుగా సరిగా అన్నం తినడం లేదని లెక్చరరుగారికి తెలుసు. అందుకే కునుకు వాయిదా వేసి, బావమరిదికి ఫోను చేశారు.

బావమరిది క్యాంపసు సెక్యూరిటీ ఆఫీసరు. ఆ సమయానికి అతను కాంక్రీటు మిక్సరు పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్, మీ అక్క బ్లాకు దగ్గర కంపం ఉండకూడదురా! ఎవర్నీ అటు రానివ్వకు!"

"కంపా? అంత కంపు కొడుతోందా బావా?"

మిక్సరు హోరులో ఆయనకీ సగమే వినపడింది. "ఆఁ ఆఁ, అదే!" అని ఫోను పెట్టేశారు.

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఇతను బావ బతుకే కాదు, క్యాంపసులో అందరి బతుకూ కోరాడు. ల్యాబులున్న చోట కంపంటే గ్యాసు లీకే. మనుషుల్ని పంపి ఫిజిక్సు బ్లాకు గదులన్నీ ఖాళీ చేయించాడు. కింది అంతస్తులో మూసి ఉన్న ఆమె గదిని మాత్రం, తాళం వేసి ఉందనుకుని ఎవరూ తట్టలేదు. తర్వాత పక్కనున్న కెమిస్ట్రీ బ్లాకు మీద పడ్డారు.

లెక్చరరుగారికి అప్పుడే కన్ను మూతపడుతోంది. కేకలు విని బయటికొచ్చి చూస్తే, కెమిస్ట్రీ హెడ్డుగారు నడిరోడ్డు మీద రంకెలు వేస్తున్నారు.

"మా ల్యాబులోంచి చీమ తుమ్మినంత గ్యాసు కూడా లీకవలేదు! వాసనొచ్చిందన్న మొనగాడెవడో ముందుకు రమ్మనండి!"

దురదృష్టవశాత్తు చాలామంది ముందుకొచ్చారు.

"నాకొచ్చింది సార్, కుళ్లిన గుడ్డు వాసన."

"గుడ్డేంట్రా? కాలిన రబ్బరు!"

లెక్చరరుగారికి ఇది తన నోటి పుణ్యమేనని అర్థమై, పక్కనున్న ఇటుకల గుట్ట ఎక్కారు. "గ్యాసు కాదు! కంపు కాదు! కంపం! కంపం!" అని గొంతు చించుకున్నారు. ముందు వరుసకి కంపమనే వినిపించింది. వెనక వరుసకి చేరేసరికి దాని ముందు భూమి చేరింది.

"భూకంపమట!"

ఎవరో తెలివైనవాళ్లు జియాలజీ మేడమ్ దగ్గరికి పరిగెత్తారు. "ఇవాళ భూకంపం వస్తుందా మేడమ్?"

ఆవిడ సైన్సుకి కట్టుబడిన మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుని, "రాదని ఎవరూ కచ్చితంగా చెప్పలేరు" అంది.

"మేడమే రాదని చెప్పలేకపోయింది!"

ఇక ఆపడం ఎవరి తరం? లైబ్రరీ ఖాళీ. హాస్టలు ఖాళీ. క్యాంటీన్‌లో గ్రైండరు ఆగింది. మిక్సర్లు ఆపేసి మేస్త్రీలు, కంప్యూటర్లు ఆపేసి గుమాస్తాలు, అందరూ క్యాంపసు ఆ చివరనున్న మైదానంలోకి చేరారు. చేరాక ఏం చేయాలో తెలియక ఒకరినొకరు పరిచయం చేసుకోవడం మొదలెట్టారు. తమ విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ ఒకటి ఉందని లెక్కలవాళ్లకి ఆ రోజే తెలిసింది. తమ పై అంతస్తులో రోజూ బల్లలు లాగేది లెక్కలవాళ్లేనని సంగీతంవాళ్లకీ ఆ రోజే తెలిసింది.

లెక్చరరుగారు మాత్రం భార్య గది ముందు నిలబడ్డారు. తలుపు కొడితే బొమ్మ చెదురుతుంది, కొట్టకపోతే అసలు సంగతి అందరికీ సర్దిచెప్పే మనిషి బయటికి రాదు, తన కొంప మునుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైకెత్తిన చెయ్యి గాల్లోనే ఉండగా, బావమరిది గునపం పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు.

"తప్పుకో బావా! అక్క మైదానంలో లేదు! తలుపు పగలగొట్టి బయటికి తెస్తాను!"

లెక్చరరుగారు గుమ్మానికి అడ్డంగా పడుకున్నారు. "నన్ను దాటి పోరా," అన్నారు గుసగుసగా. "కానీ నెమ్మదిగా దాటు, అదరకూడదు."

"గ్యాసు పీల్చి నీకు మతి పోయింది బావా!"

"గ్యాసూ లేదు గాడిద గుడ్డూ లేదు. నేను చెప్పింది కంపం. అదురు. మిషను కోసం."

బావమరిది గునపాన్ని పసిబిడ్డలా నేల మీద పడుకోబెట్టాడు. "చివరి సున్నా నువ్వు మింగేస్తే నాకెలా తెలుస్తుంది బావా?"

ఇంతలో వైస్‌ఛాన్సలరు బూట్లు టకటకలాడిస్తూ వరండాలోకి వచ్చారు. బావా బావమరుదులిద్దరూ ఒకేసారి నోటి మీద వేలేసుకున్నారు. ఆయన ఏమీ అర్థం కాకపోయినా బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద నడుస్తూ దగ్గరికొచ్చారు.

"ఈ నిర్వాకం ఎవరిది?" అన్నారు లోగొంతుకతో.

"నాదే సార్," అన్నారు లెక్చరరుగారు నేల మీంచే.

"నిన్ను సస్పెండ్ చేస్తాను."

గుసగుసగా తిడితే ఎంత పెద్ద తిట్టయినా ముద్దు చేసినట్టే ఉంటుంది. ఆయనకీ అలాగే అనిపించిందేమో, ఇంకోసారి తిట్టబోయి మానేశారు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. లెక్చరరుగారి భార్య కళ్లనిండా నీళ్లతో నవ్వుతోంది. వెనకే వచ్చిన నిపుణుడు, చేతిలోని బొమ్మను అందరికీ చూపించాడు. రేణువుల వరుసలు ముత్యాలు గుచ్చినట్టు, ఒక్కటి కూడా చెదరకుండా ఉన్నాయి.

"మా పాత గోడల మధ్య కూడా ఇంత నిశ్చలత్వం చూళ్లేదండీ," అన్నాడాయన. "గడ్డిపోచ కదల్లేదు. ఎలా సాధించారు?"

వైస్‌ఛాన్సలరు నేల మీదున్న లెక్చరరును చూశారు. గునపాన్ని చూశారు. కిటికీలోంచి దూరంగా కిటకిటలాడుతున్న మైదానాన్ని చూశారు. తన బూట్లను వీపు వెనక దాచుకున్నారు.

"పరిశోధన జరిగేటప్పుడు విశ్వవిద్యాలయమంతా తప్పుకుని సహకరించడం మా సంప్రదాయమండీ," అన్నారు గంభీరంగా.

నిపుణుడు చేతులు జోడించాడు. "ఈ యంత్రం మీ దగ్గరే ఉండాలి. అంతేకాదు, దీనికంటే ఎంతో సున్నితమైనది మా దగ్గర అదురు తట్టుకోలేక మూలపడి ఉంది. దాన్నీ మీకే పంపిస్తాను."

భార్య వంగి లెక్చరరుగారికి చెయ్యి అందించింది. "పూచీ బాగా నిలబెట్టుకున్నారండీ. ఇంత చేస్తారనుకోలేదు."

"నేనూ అనుకోలేదు," అన్నారాయన నిజాయితీగా, బట్టలు దులుపుకుంటూ. తర్వాత మాటవరసకి నిపుణుణ్ణి అడిగారు. "ఆ కొత్తదానికి ఒక బొమ్మ తీయడానికి ఎంతసేపు పడుతుందండీ?"

"ఎంతో పట్టదు, ఒక వారం," అన్నాడు నిపుణుడు.