నేలమాళిగలో అక్టోబరు

ఆగస్టు ఎండ మనుషుల్ని అట్టులా తిరగేసి మరీ కాలుస్తున్న ఒక శుక్రవారం ఉదయం, ఎమిల్యాన్ ఇవాళ తన ఇంట్లో అక్టోబరు అని తీర్మానించుకున్నాడు. తడిసిన ఆకుల వాసన, వేయించిన చెస్ట్‌నట్లు, మెడకు ఉన్ని మఫ్లరు, చేతిలో ఎర్ర వైను. వీటి కోసం ప్రాణం కొట్టుకుపోతోంది. ఆకులు రాలేదాకా ఆగే ఓపిక డెబ్బై రెండేళ్ల మనిషికి ఎక్కడిది? ఇంటి కింద నేలమాళిగ ఉండనే ఉంది. అక్కడ ఏడాది పొడుగునా పన్నెండు డిగ్రీలే.

చిక్కల్లా వైనుతోనే. ఫ్రాన్సులోని బర్గండీలో, అందులోనూ పేరుమోసిన ద్రాక్షతోటల మధ్య ఊళ్లో, పెద్దమనిషన్నవాడు సూపర్‌మార్కెట్టు అట్టపెట్టె వైను తాగడు. ఐదు లీటర్ల దక్షిణాది సరుకు, పక్కన ప్లాస్టిక్ కుళాయి, వెల పద్నాలుగు యూరోలు. ఎమిల్యాన్‌కు అదే అమృతం. ఎల్లుండి ఊరి వైన్ సంఘానికి అధ్యక్ష ఎన్నిక. పదకొండేళ్లుగా ఆ కుర్చీ కోసం కాచుకుని ఉన్నాడు. పెట్టె సంగతి బయటపడిందా, కుర్చీ గోవిందా.

ఓవర్‌కోటు, టోపీ, మఫ్లరు తగిలించుకుని, పెట్టెను చంకన పెట్టుకుని కిందికి దిగాడు. మొదటి గ్లాసుకే ఒళ్లు పులకరించింది. మరిచిపోయిందల్లా మునిసిపాలిటీ వాళ్ల ఫోను. వడగాడ్పుల రోజుల్లో వాళ్లు ఒంటరి ముసలివాళ్లకు రోజూ పదకొండింటికి ఫోన్ చేసి, నీళ్లు తాగారా అని అడుగుతారు. నేలమాళిగలో ఫోను మోగదు. రెండుసార్లు చేసి చూసిన మునిసిపాలిటీ అమ్మాయి, పక్కింటి ఆన్సెల్మ్‌కు చేసింది. కుర్చీకి పోటీదారు కూడా ఆ ఆన్సెల్మే.

"తలుపు ఎంత బాదినా పలకట్లేదమ్మా. అయిపోయాడనుకుంటా!" అన్నాడతను. గొంతులోకి విచారం కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఫైరింజను వచ్చింది. తలుపు విరిగింది. పైన బూట్ల చప్పుడు, వెనకే ఆన్సెల్మ్ గొంతు వినపడేసరికి ఎమిల్యాన్ దీపం ఆర్పి, పెట్టెను కోటులో దాచి, పీపా వెనక నక్కాడు. ఫైర్ కెప్టెనమ్మ టార్చి సూటిగా అతని ముఖం మీదే పడింది.

"పెద్దాయనా, బయట ముప్పై తొమ్మిది డిగ్రీలుంటే ఈ కోటేంటి? వణుకుతున్నారేంటి?"

"చలేస్తోంది."

ఆమె ముఖం మారింది. "ఇది ఏ నెలో చెప్పండి."

ఎమిల్యాన్ బుర్ర చకచకా పనిచేసింది. ఆగస్టు అంటే మతి ఉన్నట్టు. మతి ఉన్నవాడి కోటులోకి ఆ పెట్టె ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. కుళాయి అప్పటికే బొత్తాల మధ్య నుంచి తొంగిచూస్తోంది.

"అక్టోబరు," అన్నాడు గంభీరంగా. "చెస్ట్‌నట్లు తెచ్చారా?"

"వడదెబ్బ నెత్తికెక్కింది! స్ట్రెచర్ పట్టండి!"

పెట్టెను లాక్కుని పీపా మీద పెట్టి, ఓవర్‌కోటుతో సహా అతన్ని నడివీధిలోంచి మోసుకుపోయారు.

సోమవారం ఆన్సెల్మ్ ద్రాక్షపళ్లతో ఆసుపత్రికి వచ్చాడు.

"నీ పరువుకేం ఢోకా లేదురా. మతి ఉంటే మా ఎమిల్యాన్ అలాంటి పెట్టెను ముట్టుకునేవాడే కాదని సంఘమంతా ఒక్క గొంతుతో అంది."

ఎమిల్యాన్ ముఖం వెలిగిపోయింది. "మరి ఎన్నిక?"

"అదేరా... ఏ నెలో తెలియనివాణ్ని అధ్యక్షుణ్ని ఎలా చేస్తారు చెప్పు? తప్పక నన్ను చేశారు."

ఎమిల్యాన్ దిండు మీదికి వాలిపోయాడు. పదకొండేళ్ల ఆశ! తన నోటితో తనే పోగొట్టుకున్నాడు. ఏడుపొక్కటే తక్కువ. ఆన్సెల్మ్ గుమ్మం వైపు ఓసారి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించాడు.

"తలుపు బాగుచేసేదాకా మీ ఇంటికి నేనే కాపలా ఉన్నాలే. పైన ఉక్కపోత భరించలేక కిందే కూర్చున్నా. చల్లగా, హాయిగా... ఆ పెట్టె కాస్తా ఖాళీ అయిపోయింది. ఏ కొట్లో దొరుకుతుందిరా అది?"

ఎమిల్యాన్ కళ్లు మూసుకుని, వడదెబ్బ తగిలినప్పటి నుంచి కొట్ల పేర్లు అస్సలు గుర్తుండటం లేదన్నాడు.