మంత్రిగారి సైగల దుబాసీ

"ఈ దేశంలో ఇకమీదట వినపడని రోగి ఒక్కరు కూడా డాక్టరు ముందు ఒంటరిగా కూర్చోరు!"

రోగుల గౌరవ శాఖ సహాయ మంత్రి, గౌరవనీయ పియస్ ఎలుంగట్ గారు మైకులో ఈ చారిత్రక ప్రకటన చేస్తున్నప్పుడు, పక్కన నిలబడి దాన్ని సైగల్లో చెబుతున్న ఎరియాకు జేబులో ఫోను ఆగకుండా వణుకుతోంది.

అది ఎక్కడినుంచో ఎరియాకుకు తెలుసు. ప్రసూతి వార్డు నుంచి. సభ ఆసుపత్రి ఆవరణలోనే కాబట్టి ఆ వార్డు కిటికీ వేదికకు ఎదురుగా, జనం తలల మీదుగా కనబడుతూనే ఉంది. కానీ ఫోను తియ్యడానికి చేతులు ఖాళీ లేవు. పైగా వాటికి తెల్ల తొడుగులు ఉన్నాయి. సైగలు టీవీలో మెరవాలని మంత్రిగారు కంపాలా నుంచి ప్రత్యేకంగా తెప్పించిన తొడుగులు.

అడోకోరి ఆసుపత్రిలో వినపడని రోగుల కోసం ఎరియాకును ఉద్యోగంలో పెట్టిన మర్నాడే మంత్రిగారు అతని విలువ గుర్తించారు. ఆనాటి నుంచి పక్కనుంచి కదలనివ్వలేదు. చావు పరామర్శలకు తీసుకెళ్లారు, ఫుట్‌బాల్ పోటీలకు తీసుకెళ్లారు. మంత్రిగారు రేడియోలో మాట్లాడిన రోజున కూడా ఎరియాకు పక్కన నిలబడి గంటసేపు సైగలు చేశాడు. వినపడనివాళ్ల మీద ఇంత శ్రద్ధ ఉన్న నాయకుణ్ణి ఎన్నడూ చూడలేదని రేడియోవాళ్లే ఒప్పుకున్నారు. ఆసుపత్రిలో ఎరియాకు గదికి మాత్రం తాళం. తలుపు మీద అతని ఫోటో అంటించి ఉంది. అందులో నవ్వుతున్నాడు.

ఎరియాకు కూడా దీనికి పెద్దగా బాధపడలేదు. టీవీలో కనబడుతున్నప్పటినుంచి అత్తగారింట్లో కోడి తొడ ముక్క అతని పళ్లెంలోకే వస్తోంది.

ఏర్పాట్లన్నీ మంత్రిగారి పీఏ ఒమోడింగ్‌వి. ముందు వరసల్లో వినపడనివాళ్లను కూర్చోబెట్టి, మంత్రిగారి బొమ్మ ఉన్న నారింజరంగు టీషర్టులు తొడిగించాడు. వేదిక పక్కన బ్యాండువాళ్లను నిలబెట్టాడు. వాళ్లకు ఒకటే ఆదేశం: మైకులో మంత్రిగారి పేరు ఎవరు పలికినా బాకాలు మోగాలి. స్వాగతోపన్యాసం చేసినాయన ఒకే వాక్యంలో మూడుసార్లు పలికాడు. మూడుసార్లూ మోగాయి.

ఇంతలో వేదిక మెట్ల దగ్గరికి ప్రసూతి వార్డు డాక్టర్ నబిర్యె పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒమోడింగ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఐదు నిమిషాలు ఎరియాకును పంపండి. లోపల అకితెంగ్ అనే అమ్మాయికి నొప్పులొస్తున్నాయి. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చెయ్యాలి. ఆమెకు వినపడదు, చదువు రాదు. భయంతో ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు."

"బొమ్మ గీసి చూపించాల్సింది డాక్టరమ్మా."

"గీశాను. పొట్టా కత్తీ. నర్సు చెయ్యి కొరికింది."

"దుబాసీ కావాలంటే వారం ముందు మా ఆఫీసులో చెప్పుకోవాలి. అది రూలు."

"కడుపులో బిడ్డకి ఆ మాటే చెప్పి చూశానండీ. వినలేదు."

"వేళాకోళాలొద్దు. సభ అయ్యాక చూద్దాం."

"అసలీ సభ దేనికి?"

"వినపడని రోగులకు దుబాసీని అందుబాటులోకి తెచ్చినందుకు," అన్నాడు ఒమోడింగ్ గర్వంగా.

డాక్టరమ్మ అతన్ని ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. కాసేపటికి ఎరియాకు వెనక తెర కదిలింది.

"వెనక్కి తిరక్కు," అంది తెరవెనక నుంచి నబిర్యె గొంతు. "ఎదురుగా కిటికీ చూడు."

ఎరియాకు చూశాడు. నర్సులు మంచాన్ని కిటికీ దగ్గరికి తోసినట్టున్నారు. అకితెంగ్ దాని మీద మోకాళ్లపై కూర్చుని ఒక చేత్తో ఊచ పట్టుకుంది. రెండో చెయ్యి అతన్నే అడుగుతోంది: వీళ్లు నన్నెందుకు కోస్తామంటున్నారు? నేనేం తప్పు చేశాను?

మంత్రిగారు అప్పుడే ప్రసంగంలో రోడ్ల దగ్గరికి వచ్చారు. భావోద్వేగం ముంచుకొచ్చినప్పుడల్లా ఆయనకు రెండు చేతులతో ప్యాంటు బొజ్జ మీదికి లాక్కోవడం అలవాటు. అలా లాక్కుని, "అడోకోరి నుంచి సరస్సు దాకా తారు రోడ్డు!" అన్నారు.

తెల్ల తొడుగులు క్షణంసేపు గాల్లో ఆగాయి. టీవీ కెమెరా అతని మీదే ఉంది. ఆ తర్వాత చేతులు కదిలాయి: బిడ్డ అడ్డంగా పడుకుంది. తలుపుకి మంచం అడ్డం పెట్టినట్టు. అటునుంచి రాలేదు. డాక్టరమ్మ పక్కనుంచి దారి చేస్తుంది.

నారింజ టీషర్టులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. ఆ వెంటనే అందరూ కుర్చీల్లో వెనక్కి తిరిగారు.

"ఎందుకు వెనక్కి చూస్తున్నారు?" అన్నారు మంత్రిగారు మైకు మూసి.

"రోడ్డు ఎటు పోతుందో చూసుకుంటున్నారు సార్," అన్నాడు ఒమోడింగ్.

"ఏదైనా మందు పడదేమో అడుగు. తొందరగా," అంది తెర.

"మీకేం కావాలో నన్నెవరూ అడగనక్కర్లేదు, నాకు తెలుసు!" అని మంత్రిగారు గర్జిస్తుండగా ఎరియాకు అడిగాడు: సూది వేస్తే ఎప్పుడైనా ఒళ్లు తేడా చేసిందా?

కిటికీలో అకితెంగ్ తన పిక్క చూపించింది. తర్వాత బుగ్గలు ఉబ్బించింది. గొంతు పట్టుకుంది.

"కాలి పుండుకి సూది వేశారట," అన్నాడు ఎరియాకు పెదాలు కదలకుండా. "మొహం వాచిపోయి ఊపిరి ఆడలేదట."



"పెనిసిలిన్," అంది నబిర్యె. "నేను సిరంజిలో ఎక్కించి పెట్టింది దాని జాతి మందే. మార్చేస్తాను. నడుం కిందంతా మొద్దుబారుతుంది, తను మెలకువగానే ఉంటుందని చెప్పు. ఇప్పుడు మొదలుపెడితే ఇద్దరూ బతుకుతారని చెప్పు. ఒప్పుకుంటుందా అడుగు."

ఎరియాకు చెప్పాడు. అడిగాడు. అకితెంగ్ చాలాసేపు అతని చేతులవంకే చూసింది. ఊచ వదిలింది. సరేనంది.

నారింజ టీషర్టులన్నీ రెండేసి చేతులు పైకెత్తి వేళ్లు ఆడించాయి. వాళ్ల చప్పట్లు అవే.

"ఇదంతా నాకేనా?" అన్నారు మంత్రిగారు కళ్లు చెమ్మగిల్లి.

"ఇంకెవరికి సార్!"

మంచాన్ని లోపలికి లాగుతుండగా అకితెంగ్ చివరిగా ఇంకో మాట అడిగింది: నిన్ను మాకోసం పెట్టారు కదా. పరీక్షకి వచ్చిన ప్రతిసారీ నీ గదికి తాళమే. నిన్నెవరు పట్టుకుపోయారు?

ఎరియాకు చేతులు కిందికి దిగిపోయాయి. కిటికీ ఖాళీ అయింది.

ఆ చప్పట్లతో పొంగిపోయిన మంత్రిగారు ప్రసంగం కాగితాలు తిరగేసి, మళ్లీ మొదటి పేజీ నుంచి అందుకున్నారు. ఆ రోజు ఆయన ప్రసంగం సిజేరియన్ కంటే ఎక్కువసేపు సాగింది. ఆయన ఇంకా వంతెనల హామీల దగ్గరే ఉండగా, కిటికీలో నర్సు తెల్లటి గుడ్డల మూట ఎత్తి చూపించింది. మూట కాళ్లు తన్నుకుంటోంది. వెనక డాక్టరమ్మ రెండు బొటనవేళ్లూ ఎత్తింది. తల్లీ బాగుంది. మళ్లీ చేతులన్నీ లేచాయి.

కానీ ముందు వరసలో అపోలోట్ చేతులు మాత్రం దిగలేదు. ఆమె వినపడనివాళ్ల సంఘానికి అధ్యక్షురాలు. లేచి నిలబడి మంత్రిగారి వైపు తిరిగి ఏదో అడగసాగింది.

"ఏమంటోందయ్యా పెద్దావిడ?"

"లోపల తల్లి అడిగిందే అడుగుతోందండీ," అన్నాడు ఎరియాకు. "ఆసుపత్రి దుబాసీని రోగుల దగ్గరికి రానివ్వకుండా ఆపుతున్నది ఎవరని."

మంత్రిగారి మొహం ఎర్రబడింది. అది నిజమైన కోపం. అందులో నటన ఇసుమంత లేదు.

"నా శాఖలోనా! వినపడని తల్లులకి ఇంత ద్రోహమా! కెమెరా ఇటు తిప్పండి. వాణ్ణి ఇక్కడే, మీ అందరి ముందే సస్పెండ్ చేస్తున్నాను. ఒమోడింగ్, ఉత్తర్వు రాయి. పేరు దగ్గర ఖాళీ వదులు."

"వదిలాను సార్."

"చెప్పమ్మా, ఎవడు వాడు?"

ఎరియాకు ఆ ప్రశ్నను సైగల్లో పెట్టాడు. అపోలోట్ రెండు పిడికిళ్లూ నడుం దగ్గర పెట్టి పైకి లాగింది. పక్కవాడూ అదే చేశాడు. క్షణంలో నారింజ టీషర్టులన్నీ లేచి నడుం దగ్గర పిడికిళ్లు లాగుతూ పడీపడీ నవ్వసాగాయి.

"ఏమిటా కుస్తీ?"

"పేరండీ. వీళ్లు ప్రతి మనిషికీ ఒక సైగ పేరు పెట్టుకుంటారు. ఆ మనిషిని చూస్తే చటుక్కున గుర్తొచ్చేది ఏదుంటే అది."

"భేషైన ఆచారం! ఇంతకీ ఇది ఎవరి పేరు?" అంటూ మంత్రిగారు ఆవేశంతో ప్యాంటు పైకి లాక్కున్నారు.

ఒమోడింగ్ కలం ఆగిపోయింది. "సార్, ఎండ ముదిరింది. సభ ముగిద్దాం."

"నోర్ముయ్! దొంగని కాస్తావా? ఎరియాకూ, ఇలా రా. మైకులో చెప్పు, దేశమంతా వినాలి. ఎవరికీ భయపడకు. నీ వెనక నేనున్నాను."

ఎరియాకు ఒక చేతి తొడుగు తీశాడు. రెండోది కూడా తీశాడు. రెంటినీ మడిచి మంత్రిగారి మంచినీళ్ల సీసా పక్కన పెట్టాడు. మైకు దగ్గరికి వంగాడు.

"గౌరవనీయ మంత్రి పియస్ ఎలుంగట్," అన్నాడు.

బాకాలు మోగాయి.